మిద్దె మీది వెదర్ స్టేషన్ సిగ్నల్‌ని ఎస్‌డీఆర్‌తో పట్టడం: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వైర్‌లెస్ వెదర్ స్టేషన్ కొని మిద్దె మీదో తోటలోనో పెట్టుకున్నవాళ్లకు, కొనాలని చూస్తున్నవాళ్లకు పనికొచ్చే జవాబులివి. ప్రశ్నలను అడిగే తీరులోనే ఉంచాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావాల్సిన చోటికి దూకేయండి.

స్టేషన్‌తో పాటు డిస్‌ప్లే ఇస్తారు కదా, మళ్లీ ఈ తతంగమంతా ఎందుకు?

డిస్‌ప్లే ఇప్పటి సంగతి చెబుతుంది, నిన్నటిది మరిచిపోతుంది. చౌక మోడళ్లలో గరిష్ఠం, కనిష్ఠం తప్ప ఇంకేమీ మిగలదు. వైఫై ఉన్న మోడళ్లు చాలావరకు లెక్కలను ముందు కంపెనీ సర్వర్‌కి పంపుతాయి, అక్కడి నుంచి మీ ఫోన్‌కి వస్తాయి. ఆ సర్వీసు ఆగిన రోజు మీ రికార్డు కూడా దాంతోనే పోతుంది. మిద్దె మీది సెన్సార్‌కి ఇవేవీ పట్టవు. ఎవరు విన్నా వినకపోయినా తన లెక్కలను గాల్లోకి వదులుతూనే ఉంటుంది, ఎక్కువ మోడళ్లలో ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు. దాన్ని నేరుగా పట్టుకుంటే మధ్యలో ఎవరి దయా అక్కర్లేదు.

మన ఊళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. తిరుమలలో కుండపోత పడుతుంటే రేణిగుంటలో నేల తడవని రోజులుంటాయి. శేషాచలం కొండలు మేఘాన్ని ఆపిన చోట ఒక లెక్క, రెండు కోసులు దాటితే ఇంకో లెక్క. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు ఊరికంతటికీ కలిపి చెప్పిన ఒక్క అంకెతో మన వీధి కథ తెలియదు. ఏ గంటలో ఎంత పడింది, ఎప్పుడు ఉధృతి పెరిగింది అన్నది మన మిద్దె మీది వాన కొలిచే గేజీయే చెప్పాలి.

ఎస్‌డీఆర్ అంటే ఏంటి?

పాత రేడియోలో సిగ్నల్‌ని ఎంచుకోవడం, వడకట్టడం, విప్పడం అన్నీ సర్క్యూట్లే చేసేవి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో సర్క్యూట్ పని ఆ తరంగాన్ని అంకెలుగా మార్చి ఇవ్వడం వరకే. మిగతాదంతా ప్రోగ్రామ్ చూసుకుంటుంది. మనం వాడేది కంప్యూటర్‌లో టీవీ చూడటానికి తయారైన యూఎస్‌బీ డాంగిల్. అందులోని రియల్‌టెక్ కంపెనీ ఆర్‌టీఎల్2832యూ చిప్ ముడి శాంపిళ్లను నేరుగా కంప్యూటర్‌కి ఇవ్వగలదని 2012లో అందరికీ తెలిసింది. అంతవరకు ఖరీదుగా ఉన్న ఈ సరదా అప్పటి నుంచి సామాన్యుడికి అందింది. ఆర్820టీ2 ట్యూనర్ ఉన్న డాంగిల్ దాదాపు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. వినడమే, పంపలేదు.

ఏమేం కొనాలి?

డాంగిల్, యాంటెన్నా, ఒక కంప్యూటర్. ఇంట్లో మూల పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఇరవై నాలుగు గంటలూ నడవాలంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మేలు, కరెంటు తక్కువ తింటుంది.

డాంగిల్ దగ్గర మాత్రం మరీ కక్కుర్తి పడకండి. అట్టడుగు ధర డాంగిళ్లలో క్రిస్టల్ వేడెక్కే కొద్దీ ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది. టీసీఎక్స్‌ఓ అనే ఉష్ణోగ్రతకు తట్టుకునే క్రిస్టల్, మెటల్ డబ్బా ఉన్నది తీసుకోండి. మే నెలలో మన మిద్దె మీది గదిలో పెట్టి చూస్తే ఆ తేడా ఎందుకో తెలుస్తుంది.

అన్నా, మా చెల్లెలు డల్లాస్ నుంచి తెచ్చిన స్టేషన్ ఇక్కడ పని చేస్తుందా?

ఈ ప్రశ్న మన దగ్గర రాకుండా ఉండదు. పని చేస్తుంది, కానీ పెట్టకూడదు.

వెదర్ స్టేషన్లు మూడు రకాల ఫ్రీక్వెన్సీల్లో వస్తాయి. 433.92 మెగాహెర్ట్జ్ ఒకటి, యూరప్ కోసం 868 చుట్టుపక్కల ఒకటి, అమెరికా కోసం 915 ఒకటి. అమెరికాలో 902 నుంచి 928 వరకు ఇలాంటి చిన్న పరికరాలకు వదిలేశారు. ఇండియాలో అదే చోట మొబైల్ కంపెనీలున్నాయి. 915 దాకా మన ఫోన్లు టవర్‌తో మాట్లాడే భాగం, 935 నుంచి 960 దాకా టవర్లు మన ఫోన్లతో మాట్లాడే భాగం. చెల్లెలు ప్రేమగా తెచ్చిన స్టేషన్ సరిగ్గా ఆ అంచు మీద కూర్చుని కూస్తుంటుంది. సిగ్నల్ చిన్నదే అయినా ఆ జాగా డబ్బులు కట్టి కొనుక్కున్నవాళ్లది. పైగా పక్కనే టవర్ల హోరు ఉంటుంది కాబట్టి మీ డాంగిల్‌కీ వినడం కష్టమే.

ఇండియాలో లైసెన్సు లేకుండా తక్కువ పవర్ పరికరాలు వాడుకోవడానికి 433 నుంచి 434 మెగాహెర్ట్జ్ వరకు ఒక చిన్న ముక్క, 865 నుంచి 868 వరకు ఇంకో ముక్క ఉన్నాయి. రెండోది మొదట్లో 867 వరకే ఉండేది, 2021లో 868 దాకా పెంచారు. గమనించారా, యూరప్ స్టేషన్లలో చాలావాటిది 868.3 దగ్గర, అంటే గీత దాటి బయట పడుతుంది. అందుకే నా ఓటు 433కే. కొనేటప్పుడు ఇండియాలో అమ్మడానికి ఈటీఏ (వైర్‌లెస్ పరికరాల మోడల్‌కి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉందో లేదో అడగండి. ఈసారి చెల్లెల్ని చాక్లెట్లు తెమ్మనండి.

ఇలా వినడం తప్పు కాదా? పోలీసులు వస్తారా?

మన స్టేషన్ సిగ్నల్‌ని మనం వినడం గురించే ఈ పేజీ. అదే డాంగిల్ ఇంకా చాలా వినగలదు కదా అని వైర్‌లెస్ సెట్ల మాటల జోలికి, ఇతరుల కమ్యూనికేషన్ జోలికి పోకండి. అది చట్టం ఒప్పుకోని పని. ఏదైనా పంపాలన్న ఆశ ఉంటే హ్యామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ల) లైసెన్సు పరీక్ష రాయండి. హ్యామ్ వాళ్లకు ఇండియాలో 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ దాకా కూడా చోటుంది, అంటే మన సెన్సార్ల పక్కిల్లే.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఆర్‌టీఎల్ 433. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. పేరులో 433 ఉన్నా 868 కూడా వింటుంది. రెండు వందలకు పైగా రకాల పరికరాల భాష దానికి వచ్చు. స్టేషన్ కొనే ముందే దాని జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూసుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు. డబ్బా మీద బ్రాండ్ పేరు చూసి కంగారు పడొద్దు. ఫైన్ ఆఫ్‌సెట్ అనే చైనా కంపెనీ తయారు చేసిన ఒకే స్టేషన్ రకరకాల దేశాల్లో రకరకాల పేర్లతో అమ్ముడవుతుంది. లోపలి భాష ఒకటే.

లైనక్స్‌లో ఇన్‌స్టాల్ చేయడం సులువు, కాకపోతే ఒక చిక్కు ఉంది. డాంగిల్‌ని పెట్టగానే లైనక్స్ దాన్ని టీవీ ట్యూనర్ అనుకుని తన డ్రైవర్‌ని ఎక్కించేస్తుంది, మన ప్రోగ్రామ్‌కి డాంగిల్ దొరకదు. ఆ టీవీ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి రీస్టార్ట్ చేయాలి. విండోస్‌లో జాడిగ్ అనే చిన్న టూల్‌తో విన్‌యూఎస్‌బీ డ్రైవర్ వేసుకోవాలి. అక్కడ జాబితాలో మౌస్‌నో కీబోర్డ్‌నో ఎంచుకుని డ్రైవర్ మార్చేస్తే అవి పని చేయడం మానేస్తాయి. బల్క్ ఇన్, ఇంటర్‌ఫేస్ జీరో అన్నదాన్ని చూసి ఎంచుకోండి.

ఏమీ చెప్పకుండా నడిపితే 433.92 మీద వింటుంది. 868 స్టేషన్ అయితే ఫ్రీక్వెన్సీ చెప్పాలి, శాంపిల్ రేటు కూడా మామూలు 250 వేల నుంచి 10 లక్షల దాకా పెంచాలి. ఫారన్‌హీట్, మైళ్లు వస్తుంటే యూనిట్లు ఎస్ఐలో కావాలని చెప్పే ఆప్షన్ ఉంది.

ఆ సిగ్నల్‌లో అసలు ఏముంటుంది? తెర మీద గీతలు తప్ప ఏమీ అర్థం కావట్లేదు.

ఈ సరదాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, కాస్త నిదానంగా చూద్దాం.

బాగా తెలిసిన డబ్ల్యూహెచ్1080 రకం స్టేషన్ తీసుకోండి. ఇది 48 సెకన్లకు ఒకసారి మాట్లాడుతుంది. మాట్లాడటం అంటే ట్రాన్స్‌మిటర్‌ని ఆన్, ఆఫ్ చేయడమే. దాదాపు అర మిల్లీసెకను ఆన్ అయితే 1, ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆన్ అయితే 0, మధ్యలో ఒక మిల్లీసెకను మౌనం. మొదట వరసగా ఎనిమిది 1లు వస్తాయి, వినేవాడు సర్దుకోవడానికి. తర్వాత 80 బిట్ల సమాచారం. అంతా కలిపి సెకనులో ఐదో వంతులో అయిపోతుంది. మిగిలిన నలభై ఏడు సెకన్ల పైచిలుకు నిశ్శబ్దం. అందుకే ప్రోగ్రామ్ నడిపి పది సెకన్లు చూసి పని చేయట్లేదని ఆపేయకండి.

ఆ 80 బిట్లలో మొదట ఇది ఏ రకం సందేశమో, తర్వాత స్టేషన్ ఐడీ. దాని వెనక ఉష్ణోగ్రతకు పది బిట్లు. మీకు అక్కడ 1011100110 అని వచ్చిందనుకోండి. మామూలు లెక్కలో అది 742. అందులోంచి 400 తీసేస్తే 342, పదితో భాగిస్తే 34.2 డిగ్రీలు. ఈ 400 ఎందుకు? ఒకే సెన్సార్ మంచు దేశాల్లోనూ అమ్మాలి. మైనస్ గుర్తు పంపే బాధ లేకుండా సున్నాను 400 మెట్లు పైకి జరిపారు. మైనస్ 40 దాకా ఇబ్బంది ఉండదు. హార్స్‌లీ హిల్స్‌లో డిసెంబరులో కూడా మనకు ఆ అవసరం రాదు గానీ.

తర్వాత తేమ, సగటు గాలి వేగం, అతి పెద్ద విసురు ఒక్కోదానికి ఎనిమిదేసి బిట్లు. గాలి దిక్కుకి నాలుగే బిట్లు, అంటే పదహారు దిక్కులు, ఒక్కోటి 22.5 డిగ్రీలు. వాన మాత్రం మిల్లీమీటర్లలో రాదు. గేజీలోని చిన్న దొన్నె ఎన్నిసార్లు బోర్లా పడిందో ఆ మొత్తం సంఖ్య వస్తుంది. ఈ మోడల్‌లో ఒక్కో బోర్లా 0.3 మిల్లీమీటర్లు. నిన్న పొద్దున 1210 ఉండి ఇవాళ పొద్దున 1294 ఉంటే తేడా 84, అంటే 25.2 మిల్లీమీటర్ల వాన.

చివరి ఎనిమిది బిట్లు సీఆర్‌సీ. ముందున్న బిట్లన్నిటితో ఒక లెక్క చేసి ఆ జవాబుని చివర పెడతారు. మన వైపు అదే లెక్క మళ్లీ చేసి, జవాబు కలిస్తేనే ప్రోగ్రామ్ ఆ వరసని మనకు చూపిస్తుంది. పక్కింటి మిక్సీ రొద ఒక బిట్‌ని చెడగొట్టినా లెక్క తప్పుతుంది, సందేశం చెత్తబుట్టలోకి పోతుంది. అందువల్ల అప్పుడప్పుడు ఒకటి రెండు సందేశాలు రాకపోతే బాధపడకండి. తప్పు లెక్క రావడం కన్నా రాకపోవడమే నయం.

అన్నీ వస్తున్నాయి, వాయుపీడనం రావట్లేదు. సెన్సార్ చెడిపోయిందా?

చెడిపోలేదు. ఎక్కువ స్టేషన్లలో పీడనం కొలిచే సెన్సార్ బయట ఉండదు, ఇంట్లో పెట్టే డిస్‌ప్లేలోనే ఉంటుంది. ఇంటి లోపలా బయటా పీడనం ఒకటే కాబట్టి అలా చేస్తారు. గాల్లోకి రానిదాన్ని ఎస్‌డీఆర్ ఎలా పడుతుంది? బీఎంపీ280 లాంటి చిన్న సెన్సార్‌ని రాస్ప్‌బెర్రీ పైకి నాలుగు వైర్లతో తగిలించుకుంటే సరిపోతుంది.

వచ్చిన అంకె టీవీలో చెప్పే అంకె కన్నా తక్కువుంటుంది. నేల మట్టానికి దగ్గర్లో ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. వాళ్లు చెప్పేది సముద్ర మట్టానికి సరిచేసిన లెక్క. తిరుపతికీ చిత్తూరుకీ ఎత్తులో తేడా ఉంది కాబట్టి ఇద్దరూ ఒకే సవరణ వాడకూడదు. తుపాను రోజుల్లో చూడాల్సింది అంకెను కాదు, అది ఎంత వేగంగా పడుతోంది అన్నదాన్ని.

ప్రోగ్రామ్ నడుస్తోంది, ఒక్క వరసా రావట్లేదు.

మొదట సెన్సార్‌ని తెచ్చి డాంగిల్ ఉన్న గదిలోనే ఒక మూల పెట్టండి. మరీ పక్కన పెడితే డాంగిల్ చెవులు గింగురుమంటాయి, అప్పుడూ ఏమీ రాదు. మూడు నాలుగు మీటర్ల దూరం చాలు. అక్కడ వస్తే సమస్య దూరానిదో యాంటెన్నాదో. అక్కడా రాకపోతే ఫ్రీక్వెన్సీ చూడండి, సెన్సార్ వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఏదైనా వాటర్‌ఫాల్ (సిగ్నళ్లు తెర మీద కిందికి జారుతూ కనపడే బొమ్మ) చూపించే ప్రోగ్రామ్ తెరిచి 433.92 దగ్గర ఆగండి. సెన్సార్ మాట్లాడినప్పుడల్లా ఒక చిన్న వెలుగు గీత పడాలి. గీత కాస్త పక్కకి పడుతోందంటే డాంగిల్ క్రిస్టల్ తేడా, ఆ తేడాని పీపీఎంలో (పది లక్షలకి ఎన్ని వంతులో) ప్రోగ్రామ్‌కి చెప్పొచ్చు.

గీత పడుతోంది, వరస రావట్లేదు అంటే మీ మోడల్ భాష ప్రోగ్రామ్‌కి తెలియదన్నమాట. పల్స్‌లను విశ్లేషించే ఆప్షన్ పెట్టి చూస్తే పొట్టి, పొడుగు పల్స్‌ల కొలతలు చూపిస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు అక్కడి నుంచి భాషని తామే విప్పుతారు. సెన్సార్‌ని ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ఏ బిట్లు మారాయో చూడటం ఇందులో పాత చిట్కా.

గెయిన్, అంటే డాంగిల్ సిగ్నల్‌ని ఎంత పెంచి వినాలన్న సంగతి కూడా ఉంది. ఆటో మీద వదిలేస్తే కొన్నిసార్లు బాగానే ఉంటుంది, టవర్ పక్కన ఉన్న ఇళ్లలో ఉండదు. గరిష్ఠం 49.6 డెసిబెల్స్. ముప్ఫై దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుతూ, సిగ్నల్‌కీ రొదకీ తేడా ఎక్కడ ఎక్కువ ఉందో చూసుకోండి. తిరుపతి బస్టాండు చుట్టుపక్కల ఉండేవాళ్లకు గెయిన్ తగ్గిస్తేనే బాగా వినపడటం వింతగా ఉంటుంది గానీ నిజం.

ఇంట్లో రొద చేసేవాటి సంగతి: చౌక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఊరూ పేరూ లేని ఫోన్ చార్జర్లు. ఒక్కోటి ఆపి చూడండి. డాంగిల్‌ని కంప్యూటర్‌కి నేరుగా గుచ్చకుండా ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు మీద దూరంగా పెట్టినా చాలా తేడా వస్తుంది.

యాంటెన్నా ఎంత పొడుగుండాలి? టెర్రస్ మీది పాత డిష్ కేబుల్ వాడొచ్చా?

433.92కి తరంగం పొడుగు 69 సెంటీమీటర్లు. అందులో పావు, అంటే సుమారు 17 సెంటీమీటర్ల నిలువు తీగ సరిపోతుంది. 866కి అయితే 8.6. డాంగిల్‌తో వచ్చే పీకే యాంటెన్నాని స్కేలు పెట్టి అంత పొడుగుకి లాగి, కింద ఏదైనా ఇనుప రేకు మీద నిలబెట్టండి. సెన్సార్ నిలువుగా ఉంటే యాంటెన్నా కూడా నిలువుగానే.

డిష్ కేబుల్ నిక్షేపంగా వాడొచ్చు. అది 75 ఓమ్‌ల ఆర్‌జీ6, డాంగిల్‌ది 50 ఓమ్‌లు, కలవదు అని పుస్తకం చదివినవాళ్లు అంటారు. వినడం వరకు ఆ నష్టం లెక్కలోకి రాదు. సన్నటి ఆర్‌జీ58 పది మీటర్లు వేస్తే ఈ ఫ్రీక్వెన్సీలో సగం సిగ్నల్ దారిలోనే పోతుంది. లావుపాటి ఆర్‌జీ6లో పోయేది అంతకన్నా బాగా తక్కువ. ఎలాగూ గోడ మీద వేలాడుతోంది, వాడేయండి.

జోరువానలో డీటీహెచ్ పోయినట్టు ఇదీ పోతుందా?

పోదు. డీటీహెచ్ పది గిగాహెర్ట్జ్‌కి పైన నడుస్తుంది, అక్కడ వాన చినుకు తరంగాన్ని తినేస్తుంది. 433లో తరంగం చినుకు కన్నా ఎన్నో రెట్లు పెద్దది. తుపాను రాత్రి పోతే పోయేది కరెంటే.

బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉంది సార్. ఇంటికీ తోటకీ కిలోమీటరు. అందుతుందా?

డబ్బా మీద వంద మీటర్లని రాసి ఉంటే అది అడ్డేమీ లేని మైదానంలో మాట. మంచి యాంటెన్నాతో, ఎత్తు మీద నుంచి చూపు ఆనే దూరంలో ఉంటే అంతకన్నా ఎక్కువే లాగొచ్చు. కానీ తోటలో ఆకులు, కొమ్మలు అడ్డం. తడిసిన ఆకులు ఇంకా అడ్డం. కిలోమీటరు మీద ఆశ పెట్టుకోవద్దు. డాంగిల్‌ని, రాస్ప్‌బెర్రీ పైని తోటలోనే పెట్టి, అక్కడి నుంచి అంకెలను మొబైల్ డేటాతో ఇంటికి పంపుకోవడం తెలివైన పని. అంకెలు కొన్ని బైట్లే, చిన్న రీచార్జి చాలు.

మోటారు షెడ్డులో పెట్టేవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. వ్యవసాయ కరెంటు రోజంతా ఉండదు, కాబట్టి చిన్న సోలార్ ప్లేటు, బ్యాటరీ కావాలి. స్టార్టర్ పడ్డప్పుడల్లా రొద పుడుతుంది, యాంటెన్నాని షెడ్డుకి అవతల పెట్టాలి.

తోటకి ఇది నిజంగా పనికొస్తుందా అంటే, వాన లెక్క కన్నా తేమ లెక్క ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. పూత మీదున్నప్పుడు రాత్రి తేమ, పొద్దున మంచు ఎన్ని గంటలు నిలిచాయో చూస్తే బూడిద తెగులు, తేనెమంచు పురుగు విషయంలో ముందే కన్నేసి ఉంచొచ్చు. మందు ఎప్పుడు కొట్టాలో సెన్సార్ చెప్పదు, కొట్టడానికి గాలి లేని పూట ఏదో చెబుతుంది.

మా జాబితాలో తెలియని ఐడీలు కనపడుతున్నాయి. ఎవరివి?

పక్కింటి థర్మామీటర్ కావచ్చు. టైరులో గాలి ఎంతుందో చెప్పే సెన్సార్లు కూడా 433.92లోనే మాట్లాడతాయి కాబట్టి, అలిపిరి వైపు రోడ్డు పక్కన ఇల్లుంటే వెళ్లే కార్ల టైర్లు వరసలు కడతాయి. ప్రతి టైరుకీ మారని ఐడీ ఉంటుంది. ఏ కారు ఎప్పుడు వచ్చిందో దాచిపెట్టడం మర్యాద కాదు. ప్రోగ్రామ్ జాబితాలో మీ స్టేషన్ భాషకున్న ప్రోటోకాల్ నంబరు ఒక్కటే ఇచ్చి నడిపితే మిగతావన్నీ మాయమవుతాయి. కంప్యూటర్‌కీ పని తగ్గుతుంది.

బ్యాటరీ మార్చాక డేటా ఆగిపోయింది.

చాలా సెన్సార్లు బ్యాటరీ తీసి పెట్టగానే కొత్త ఐడీ ఎంచుకుంటాయి. మీ స్క్రిప్ట్ పాత ఐడీ కోసం కాచుకుని కూర్చుంది, అంతే. కొత్తది రాసుకోండి. వాన కౌంటర్ కూడా సున్నాకి పోయి ఉంటుంది, తేడా తీసే లెక్కలో మైనస్ వస్తే దాన్ని వానగా ఎక్కించకుండా ఒక షరతు పెట్టుకోండి.

మా స్టేషన్ మే నెలలో 47 చూపిస్తోంది. వాతావరణ శాఖ వాళ్లు 42 అంటున్నారు. ఎవరిది నిజం?

వాళ్లది. మీది మిద్దె వేడి. కాంక్రీటు పగలంతా కాగి, రాత్రి పదింటిదాకా వేడి కక్కుతుంది. గాలి ఉష్ణోగ్రత అంటే నీడలో, గాలి ఆడేచోట, నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, వీలైతే మట్టి నేల మీద కొలిచింది. ఎస్‌డీఆర్ ఎంత మంచిదైనా తప్పు చోట కొలిచిన అంకెని తప్పుగానే తెస్తుంది. ఈ పనిలో రేడియో భాగం ఒక ఆదివారంలో అయిపోతుంది. సెన్సార్‌కి చోటు వెతకడానికే నెలలు పడుతుంది.

మిద్దె తప్ప గతి లేదంటే పిట్టగోడకి దూరంగా, స్తంభం మీద ఎత్తులో, పళ్లేలు దొంతిగా పేర్చినట్టుండే తెల్ల కవచంలో పెట్టండి. నీళ్ల ట్యాంకు పక్కన వద్దు. గాలి కొలతకి మాత్రం ఎంత ఎత్తయితే అంత మేలు, ప్రమాణం పది మీటర్లు. ఒకే స్తంభం మీద అన్నీ బిగించి అమ్మే స్టేషన్లతో వచ్చే గొడవే ఇది: గాలికి మంచి చోటు ఉష్ణోగ్రతకి మంచిది కాదు.

వాన లెక్క కూడా పేపర్లో వచ్చిందానితో కలవట్లేదు.

ముందు రోజుని ఎక్కడ కోస్తున్నారో చూడండి. వాతావరణ శాఖ రోజు పొద్దున 8.30 నుంచి మర్నాడు పొద్దున 8.30 వరకు. మీ ప్రోగ్రామ్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కేస్తుంటే ఈశాన్య రుతుపవనాల రాత్రి వానలు రెండు ముక్కలైపోతాయి. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అనేవి కూడా ఈ 24 గంటల లెక్కలోనే.

అది సరిచేశాక కూడా తక్కువ వస్తే గేజీ మూత తీయండి. గరాటు మెడలో వేపాకు, దొన్నె కింద చీమల గూడు, ఇరుసు దగ్గర సాలెపట్టు, ఒక్కోసారి తీరుబడిగా బల్లి. దొన్నె సగం వంగి ఆగిపోతే బోర్లా పడదు, లెక్క పడదు. అక్టోబరు మొదట్లో, వానలు మొదలవకముందే ఒకసారి కడిగి, కొలిచిన నీళ్లు నిదానంగా పోసి లెక్క సరిపోతోందో చూడాలి. గేజీ ఎంత చదునుగా ఉందో నీటిమట్టం సీసాతో చూడండి. మరీ ఉధృతంగా కురిస్తే దొన్నె బోర్లా పడే ఆ క్షణంలో పడిన నీళ్లు లెక్కలోకి రావు, ఈ రకం గేజీలు కుండపోతలో కాస్త తక్కువే చెబుతాయి. కపిలతీర్థం వైపు, కొండ కింద ఉండేవాళ్లకు కోతుల బాధ వేరే. గాలి కొలిచే కప్పులంటే వాటికి మహా సరదా. దానికి నా దగ్గర జవాబు లేదు.

కరెంటు పోయి వచ్చాక టైమ్ తప్పుగా పడుతోంది.

రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందు వాటిలో గడియారం లేదు. కరెంటు వచ్చాక ఇంటర్నెట్ అందేదాకా అది పాత టైమ్‌నే పట్టుకుని ఉంటుంది. డీఎస్3231 గడియారం ముక్క తగిలిస్తే తీరిపోతుంది. వాన కౌంటర్ మొత్తంగా వస్తుంది కాబట్టి మూడు గంటలు కరెంటు లేకపోయినా ఆ మూడు గంటల వాన మొత్తం పోదు, ఏ నిమిషంలో ఎంత అన్నదే పోతుంది. అంకెలను జేసన్ అనే రూపంలో వరసలుగా ఫైల్లో రాసుకోండి. హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు దానికి ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతితో పంపుకోవచ్చు.

డేవిస్ స్టేషన్ ఉంది. అదీ వస్తుందా?

డేవిస్ వాంటేజ్ రకం సుమారు రెండున్నర సెకన్లకోసారి మాట్లాడుతుంది, కానీ ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ మారుస్తుంది. అమెరికా మోడల్‌లో 51 చానళ్లు, యూరప్ మోడల్‌లో 5. మామూలు పద్ధతిలో ఒకచోట కూర్చుంటే చాలావరకు తప్పిపోతుంది. దాని గెంతుల్ని వెంటాడే ఆర్‌టీఎల్‌డేవిస్ అనే వేరే ప్రోగ్రామ్ ఉంది.

గాదంకి రాడార్ వల్ల మన సిగ్నల్‌కి ఇబ్బందా? వాళ్ల డేటా పట్టొచ్చా?

ఇబ్బంది లేదు. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వాళ్ల ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, మన 433కి చాలా దూరం. 1024 యాగీ యాంటెన్నాలు, 2.5 మెగావాట్ల పీక్ పవర్‌తో కట్టిన ఆ రాడార్ నేల మీది వానని కొలవడానికి కాదు, పైన కిలోమీటర్ల ఎత్తులో గాలి కదలికని చూడటానికి. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో పోతూ ఆ పక్కనే వెళ్తుంటాం. మన డాంగిల్‌తో అందులోంచి పట్టుకునే డేటా ఏమీ లేదు.

ఇదే డాంగిల్‌తో వాతావరణానికి సంబంధించి ఇంకేం వినొచ్చు?

బెలూన్లు. వాతావరణ శాఖ రేడియోసోండ్ బెలూన్లను పొద్దున 5.30, సాయంత్రం 5.30 లెక్కకి అందేలా వదులుతుంది. అవి పైకి పోతూ 400 నుంచి 406 మెగాహెర్ట్జ్ మధ్య తమ ఉష్ణోగ్రత, తేమ, చోటు చెబుతుంటాయి. చెన్నైలో ఎగిరింది ఇరవై కిలోమీటర్ల ఎత్తుకి పోయాక తిరుపతి మిద్దె మీదికి నేరుగా కనపడుతుంది, అంటే రేడియోకి. దానికి డీకోడర్ వేరు, ఏ కంపెనీ సోండ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఉపగ్రహ చిత్రాల కోసం వచ్చినవాళ్లు ఒకటి గమనించండి. 137 మెగాహెర్ట్జ్‌లో చిత్రాలు పంపిన పాత నోవా 15, 18, 19 ఉపగ్రహాలను 2025లో ఆపేశారు. పాత వీడియోలు చూసి వాటి కోసం యాంటెన్నా కట్టుకోకండి. అదే బ్యాండ్‌లో ఇప్పుడు వెతకాల్సింది రష్యా మెటియోర్ ఉపగ్రహాలను.

ఫోన్‌తో చేయొచ్చా?

ఓటీజీ వైరుతో ఆండ్రాయిడ్ ఫోన్‌కి డాంగిల్ తగిలించి వాటర్‌ఫాల్ చూడొచ్చు. తోటలో యాంటెన్నా ఎక్కడ పెడితే గీత బాగా పడుతోందో తిరిగి చూడటానికి అదే సులువు. ఇరవై నాలుగు గంటల రికార్డుకి మాత్రం వద్దు, బ్యాటరీ ఉబ్బుతుంది.